పెన్ పెన్సిల్ కొనేముందు లెడ్డు సంగతి: సరిహద్దు బడిపిల్లల చేతికి ఏది నప్పుతుంది?

క్లుప్తంగా: పెన్ పెన్సిల్ ఎంపికను కంపెనీ పేరుతో కాక లెడ్డు మందంతో, రాసే కాగితంతో, చేతి ఒత్తిడితో మొదలుపెడితే పొరపాటు తగ్గుతుంది. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో తెలుగు, ఒడియా రెండూ రాసే చిన్న తరగతుల పిల్లలకు 0.7 మిల్లీమీటర్ల లెడ్డు, అక్షరం చిన్నదయ్యాక 0.5 సరిపోతాయి. ఇంజనీరింగ్ డ్రాయింగుకు 0.3, 0.7 జత మేలు. నీడలు వేసే బొమ్మకు మాత్రం చెక్క పెన్సిలే.

2025 సెప్టెంబరు 22 నుంచి పెన్సిళ్ల మీద ఉన్న 12 శాతం జీఎస్టీని ఎత్తేశారు. చెక్క పెన్సిళ్లతో పాటు, వెనక నొక్కితే లెడ్డు బయటికొచ్చే రకం, అంటే పెన్ పెన్సిల్ కూడా ఆ జాబితాలో ఉంది. పన్ను పోయినంత మాత్రాన ధర సరిగ్గా అంతే తగ్గదు. పన్ను లేని సరుకు తయారుచేసేవారికి ముడిసరుకు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు కాబట్టి కొంత భారం ధరలోనే ఉండిపోతుంది. అయినా పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం స్టేషనరీ షాపుల్లోనూ, సరిహద్దుకు ఆవలి పక్క పాతపట్నంలోనూ పది రూపాయల పెన్ పెన్సిల్ పక్కనే వందల రూపాయల జపాన్ రకాలు వేలాడుతున్నాయి. అట్ట మీద 0.5, 0.7, హెచ్‌బీ, 2బీ అని అంకెలు, అక్షరాలు. ఇంట్లో వినిపించే ఫిర్యాదు మాత్రం ఒక్కటే: లెడ్డు ఊరికే విరిగిపోతోంది.

ఆ విరగడం వెనక పెన్సిల్ నాణ్యత కన్నా ఇతర కారణాలే ఎక్కువ.

లోపల ఏం జరుగుతుంది

అందరూ లెడ్డు అంటున్నా ఇందులో సీసం లేదు. పాతకాలంలో తెలుగువాళ్లు కూడా దీన్ని నల్లసీసం అనేవారు. అది గ్రాఫైట్, అంటే కర్బనమేనని స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే 1779లో తేల్చాడు. సరిహద్దు జిల్లాల వారికి ఈ ఖనిజం పరాయిది కాదు. తూర్పు కనుమల్లో విరివిగా కనిపించే ఖోండలైట్ శిలలో గ్రాఫైట్ ఉంటుంది. ఆ శిలకు 1902లో ఆ పేరు వచ్చింది కూడా ఇక్కడి కోదు గిరిజనుల పేరు మీదనే.

చెక్క పెన్సిల్ లోపలి పుల్లను గ్రాఫైట్, బంకమన్ను కలిపి కాల్చి చేస్తారు. ఫ్రాన్సులో నికొలా జాక్ కోంతే 1795లో పేటెంటు పొందిన పద్ధతి ఇది. బంకమన్నుతో చేసిన పుల్లను బాగా సన్నబరిస్తే పెళుసైపోతుంది. లెడ్డును ముందుకు నెట్టే పెన్సిల్‌కు ఇంగ్లండులో 1822లోనే పేటెంటు దొరికినా, జపాన్‌లో హయకవ తొకుజి 1915లో లోహపు పెన్సిల్ తెచ్చినా (ఆ పెన్సిల్ పేరే తర్వాత షార్ప్ కంపెనీ పేరైంది), నేటి సన్న లెడ్డు రావడానికి చాలాకాలం పట్టింది. 1960లో జపాన్ కంపెనీ పెంటెల్ బంకమన్నుకు బదులు రెజిన్ అనే జిగురు పదార్థం కలిపి కాల్చిన లెడ్డును తెచ్చింది. కాల్చినప్పుడు రెజిన్ కూడా కర్బనంగా మారి గ్రాఫైట్ రేకులను గట్టిగా పట్టి ఉంచుతుంది. జామెట్రీ బాక్సులో 0.5 లెడ్డు ఉందంటే దాని చలవే.

ఇక నొక్కే యంత్రం. వెనక బొత్తాం నొక్కితే మూడు దవడల చిన్న ఇత్తడి క్లచ్ లెడ్డును పట్టుకుని ముందుకు జరుగుతుంది. దాని చుట్టూ ఉన్న రింగు ఒకచోట ఆగిపోగానే దవడలు తెరుచుకుంటాయి. బొత్తాం వదలగానే స్ప్రింగు క్లచ్‌ను వెనక్కి లాగుతుంది. ఆ క్షణంలో లెడ్డు కూడా వెనక్కి పోకుండా ముక్కు లోపలి బుల్లి రబ్బరు పట్టుకుంటుంది. ఒక్కో నొక్కుకు సుమారు అర మిల్లీమీటరు లెడ్డు బయటికొస్తుంది.

ఈ వరస తెలిస్తే జబ్బు ఎక్కడుందో పట్టుకోవచ్చు. రాస్తుండగా లెడ్డు లోపలికి జారిపోతోందంటే దవడలు అరిగాయి, లేదా వాటి మధ్య లెడ్డు పొడి పేరుకుంది. బొత్తాం నొక్కి పట్టుకున్నప్పుడు లెడ్డు దానంతటది జారి కింద పడితే ముక్కులోని రబ్బరు అరిగింది. మొదటిదాన్ని చాలాసార్లు శుభ్రం చేసి నడిపించవచ్చు. చవక పెన్సిల్‌లో రెండోదానికి మందు లేదు.

మందం లెక్క

అట్ట మీది అంకె, అసలు కొలత ఒకటి కావు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం 0.5 అని అమ్మే లెడ్డు అసలు మందం సుమారు 0.56 మిల్లీమీటర్లు. 0.3 లెడ్డు దాదాపు 0.37 ఉంటుంది. 0.7, 0.9 మాత్రం పేరుకు తగ్గట్టే ఉంటాయి.

గుండ్రటి పుల్ల ఏదైనా వంచితే విరిగే బలం దాని వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. పేరు చూసి లెక్కేస్తే 0.7 లెడ్డు 0.5 కన్నా ఇంచుమించు రెండు ముప్పావు రెట్ల బలంగా ఉండాలి. అసలు కొలతలతో వేస్తే అది రెండు రెట్లకు కాస్త తక్కువే. 0.9 అయితే 0.5కు నాలుగు రెట్లు. 0.3 బలం 0.5 బలంలో మూడోవంతు కూడా ఉండదు. ఒకే గ్రేడు (గట్టిదనం), ఒకే తయారీ అనుకుని వేసిన లెక్క ఇది.

రెండో అంశం మరీ ముఖ్యం, అందరూ మరిచేదీ ఇదే. విరిగే బలం బయట ఉన్న పొడవుకు విలోమంగా మారుతుంది. రెండు మిల్లీమీటర్ల లెడ్డు బయటపెట్టి రాస్తే, ఒక మిల్లీమీటరు పెట్టినప్పటి బలంలో సగమే మిగులుతుంది. అంటే పిల్లవాడు టిక్కుటిక్కుమని నాలుగుసార్లు నొక్కి 0.7 లెడ్డుతో రాయడం, రెండుసార్లు నొక్కి 0.5తో రాయడం ఇంచుమించు సమానం. కొత్త పెన్సిల్ కొనే బదులు ఒక నొక్కు తగ్గించడం చవక వైద్యం.

విరగకుండా కాపాడతామనే ఖరీదైన పెన్సిళ్లు కూడా ఈ సూత్రం చుట్టూనే తిరుగుతాయి. 2014లో వచ్చిన జీబ్రా డెల్‌గార్డ్‌లో నిలువుగా ఒత్తితే లెడ్డు స్ప్రింగు మీద లోపలికి దిగుతుంది, పక్కకు ఒత్తితే ముక్కు గొట్టమే బయటికొచ్చి లెడ్డును కప్పుతుంది. అదే ఏడాది వచ్చిన పెంటెల్ ఒరెంజ్‌లో రాస్తున్నంతసేపూ లెడ్డు గొట్టం లోపలే ఉంటుంది. బయట పొడవు దాదాపు సున్నా కనుక 0.2 లెడ్డుతో కూడా రాయవచ్చు. అయితే గొట్టం అంచు కాగితాన్ని గీరుతూ పోతుంది, గరుకు నోటుబుక్కులో ఆ గీరుడు చేతికి తెలుస్తుంది.

గ్రేడు సంగతి క్లుప్తమే. హెచ్ వైపు పోతే గట్టిగా, లేతగా, బీ వైపు పోతే మెత్తగా, నల్లగా ఉంటుంది. హెచ్‌బీ ఈ రెంటికీ మధ్యది. మెత్తటి లెడ్డులో గ్రాఫైట్ ఎక్కువ, పట్టి ఉంచే పదార్థం తక్కువ. కాబట్టి అదే మందంలో 2బీ లెడ్డు హెచ్‌బీ కన్నా ముందు విరుగుతుంది, చేతికి అంటుతుంది కూడా. రోజువారీ రాతకు హెచ్‌బీ, చేయి తేలికగా ఆడేవారికి బీ.

గుండ్రటి అక్షరం, తిరిగే లెడ్డు

పెన్సిళ్ల గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు లేదా జపాన్ రాతను దృష్టిలో పెట్టుకున్నవి. గజపతి, రాయగడ, గంజాం, కోరాపుట్ జిల్లాల్లో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా రాసే పిల్లల చేతికి వాటిని యథాతథంగా అన్వయించలేం. ఈ రెండు లిపులూ గుండ్రంగా మారడానికి తాటాకే కారణమని సాధారణంగా చెబుతారు. గంటంతో అడ్డగీత గీస్తే ఈనె వెంట ఆకు చీలిపోయేది.

మామూలు పెన్సిల్‌ను ఒకే కోణంలో పట్టి రాస్తుంటే లెడ్డు ఒకవైపే అరిగి ఉలి మొనలా తయారవుతుంది. గీత ఒకసారి లావుగా, ఒకసారి సన్నగా పడుతుంది. దీనికి మందుగా మిత్సుబిషి పెన్సిల్ కంపెనీ 2008లో కురు టోగా తెచ్చింది. కాగితం మీద ఆనించి ఎత్తిన ప్రతిసారీ లోపలి పళ్లచక్రం లెడ్డును 9 డిగ్రీలు తిప్పుతుంది. నలభైసార్లు ఎత్తితే పూర్తి చుట్టు. ఒక్కో అక్షరానికి పది గీతలు పడే చైనా మూలపు జపాన్ అక్షరాలకు ఈ ఏర్పాటు దివ్యంగా పనిచేస్తుంది. చేయి ఎత్తకుండా మాటంతా కలిపి రాసే ఇంగ్లీషు రాతలో చక్రం పెద్దగా తిరగదు.

తెలుగు ఈ రెండింటి మధ్య ఉంటుంది. 'క' రాస్తే ఒంటికి ఒక గీత, తలకట్టుకు ఇంకొకటి. గుణింతం, వత్తు చేరితే మరో రెండు. 'లక్ష్మి' అనే మాటలో చేయి చాలాసార్లు లేస్తుంది. కాబట్టి తలకట్లు, వత్తులు విడివిడిగా రాసేవారికి తిరిగే లెడ్డు బాగానే పనికొస్తుంది. ఒడియాలో అక్షరం మీది గుండ్రటి పైగొడుగును ఒంటితో కలిపి ఒకే మెలికలో లాగేస్తే చేయి లేచేది తక్కువ, పైగా గీత పొడవైనది కనుక ఎత్తే లోపల అరుగుదల ఎక్కువ. ఫలితం కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఒత్తినప్పుడు లెడ్డు సన్నగా కదలడం కొందరికి చిరాకు కూడా. పెన్సిల్‌ను వేళ్ల మధ్య అప్పుడప్పుడు కాస్త తిప్పుకునే అలవాటుంటే ఈ ఖర్చు అవసరం లేదు.

అసలు చిక్కు సన్న వివరాల దగ్గర ఉంది. 'థ' పొట్టలోని చుక్క, 'ధ' కింది చిన్న గీత, వత్తుల్లోని బుల్లి సున్నలు గీత లావైతే పూడుకుపోతాయి. ఒడియాలో చాలా అక్షరాలకు పైగొడుగు ఒకేలా ఉండి, తేడా అంతా కింది చిన్న మెలికలో ఉంటుంది. ఆ మెలిక పూడితే ఒక అక్షరం ఇంకొకటి అయిపోతుంది. అంటే బలం కోసం 0.7 కావాలి, స్పష్టత కోసం 0.5 కావాలి. తేల్చేది అక్షరం సైజు. చిన్న తరగతుల్లో వెడల్పు రూళ్ల మధ్య పెద్దపెద్దగా రాస్తారు, గట్టిగా ఒత్తుతారు కూడా, కనుక 0.7 హెచ్‌బీ. అయిదారు తరగతులు దాటి అక్షరం చిన్నదై, చేయి కుదురుకున్నాక 0.5. రోజువారీ తెలుగు రాతకు 0.3 దాదాపు అనవసరం.

కాగితం, వానాకాలం

రాయగడ పక్కనే జేకేపూర్‌లో పెద్ద కాగితం మిల్లు ఉంది. అక్కడివారికి కాగితంలో రకాలుంటాయని వేరే చెప్పనక్కర్లేదు. కాపీయర్ కాగితం నునుపుగా, ఒత్తుగా ఉంటుంది. చవక నోటుబుక్కు కాగితం పల్చగా, పీచు తేలి ఉంటుంది. పీచు మీద సన్న లెడ్డు చిక్కుకుంటుంది, చిక్కుకున్నచోట పక్క ఒత్తిడి పెరుగుతుంది, విరుగుతుంది. చాలా ఇళ్లలో పెన్సిల్ మీద పడే నింద నిజానికి నోటుబుక్కుది.

వానాకాలంలో ఇది ముదురుతుంది. కాగితం గాలిలోని తేమను పీల్చి మెత్తబడుతుంది. మెత్తటి కాగితంలో గట్టి, సన్న లెడ్డు గీత గీసే బదులు గాడి చేస్తుంది. గీత లేతగా కనబడుతుంది, రాసేవాడు ఇంకా గట్టిగా ఒత్తుతాడు, తర్వాత రబ్బరుతో చెరిపినా గాడి పోదు. గంటం తాటాకును చీల్చినట్టే, హెచ్ గ్రేడు 0.3 లెడ్డు శ్రావణమాసపు నోటుబుక్కును గీరేస్తుంది. సముద్రపు గాలి తగిలే బరంపురం, గోపాలపురం వైపు ఈ బెడద ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. తేమ రోజుల్లో హెచ్‌బీ నుంచి బీకి మారడం, లేదా 0.7కు మారడం పని తేలిక చేస్తుంది.

బొమ్మలు: గీతకు ఒకటి, నీడకు ఒకటి

బొమ్మలకు పెన్ పెన్సిల్ మంచిదా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. బొమ్మ గీత మీద నిలబడుతుందా, నీడ మీద నిలబడుతుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

గజపతి, రాయగడ జిల్లాల లాంజియా సవర గిరిజనుల గోడ చిత్రాలు గీత మీద నిలబడే రకం. వాటికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే మనుషులు, ఏనుగులు, చెట్లు, నెమళ్లు అన్నీ సన్నటి ఒకే మందపు గీతలు, త్రికోణాలు. చుట్టూ అంచులో పక్కపక్కనే నడిచే గీతల వరసలు. వీటిని కాగితం మీద నమూనాగా వేసుకోవాలంటే 0.5 పెన్ పెన్సిల్ అచ్చంగా సరిపోతుంది. మొదటి గీతకూ నూరో గీతకూ మందం మారదు, మధ్యలో చెక్కుకోనక్కర్లేదు. బట్టలో డిజైన్ నేసే జకార్డు మగ్గానికి గళ్ల కాగితం మీద డిజైన్ ఎక్కించే పనికీ ఇదే వర్తిస్తుంది.

ముఖచిత్రాలు, కుండ మీద వెలుగునీడలు వేరే పని. చెక్క పెన్సిల్‌ను వాల్చి పట్టి మొన పక్కభాగంతో రుద్దితే వెడల్పాటి మెత్తటి నీడ వస్తుంది. సన్న లెడ్డుకు ఆ పక్కభాగమే లేదు. వందల గీతలతో నీడ కట్టాలి, అప్పటికీ గీతలు గీతల్లానే కనబడతాయి. ఇలాంటి పనికి 4బీ, 6బీ చెక్క పెన్సిళ్లు, లేదంటే 2 మిల్లీమీటర్ల లావు లెడ్డు పట్టే హోల్డరు. ఆ లెడ్డును మాత్రం పదును పెట్టుకోవాలి. ఆర్కిటెక్చర్ ప్రవేశానికి రాసే జేఈఈ రెండో పేపరులో డ్రాయింగు భాగం ఇప్పటికీ కాగితం మీదే కాబట్టి, ఆ పరీక్షకు తయారయ్యేవారు ఒక్క పెన్ పెన్సిల్‌ను నమ్ముకుంటే నీడ దగ్గర ఇబ్బంది పడతారు.

ఇంజనీరింగ్ డ్రాయింగులో లెక్క ఇంకోలా ఉంటుంది. మన ప్రమాణాల ప్రకారం లావు గీత సన్న గీతకు రెట్టింపు ఉండాలి. గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం కాలేజీల మొదటి ఏడాది విద్యార్థులు 0.5, 0.7 జత కొనుక్కుని రెండు గీతలకూ తేడా కనబడడం లేదని వాపోతారు. కనబడదు మరి. ఒకటి 0.56, ఒకటి 0.7. అదే 0.3 లెడ్డు (0.37), 0.7 లెడ్డు తీసుకుంటే ఇంచుమించు ఒకటికి రెండు నిష్పత్తి దానంతటదే వస్తుంది.

ముక్కు, పట్టు, బరువు

స్కేలు ఆనించి గీసేవారికి ముక్కు చివర నాలుగు మిల్లీమీటర్ల నిటారు గొట్టం ఉన్న రకం కావాలి. అది స్కేలు అంచును సరిగ్గా ఆనుకుని నడుస్తుంది. శంకువులా వాలిన ముక్కుతో గీస్తే గీత స్కేలుకు దూరంగా జరుగుతుంది. ఈ గొట్టంతో ముప్పు కూడా ఉంది. నేలమీద ముక్కు కిందికి పడితే గొట్టం వంగుతుంది, వంగితే ఆ పెన్సిల్ పని దాదాపు అయిపోయినట్టే. చొక్కా జేబులో పెడితే గుడ్డను చిల్లులు పొడుస్తుంది. బడిపిల్లలకు గొట్టం లోపలికి ముడుచుకునే రకం, లేదా పొట్టి ముక్కు రకం మేలు.

బరువు విషయంలో ఖరీదుకూ సుఖానికీ సంబంధం లేదు. పెంటెల్ పీ205 లాంటి ప్లాస్టిక్ పెన్సిల్ పది గ్రాముల లోపే. ఒళ్లంతా ఇత్తడితో చేసిన రోట్రింగ్ 600 ఇరవై గ్రాములు దాటుతుంది. బరువైనది స్కేలు గీతకు నిలకడనిస్తుంది, గంటల తరబడి నోట్సు రాస్తే వేళ్లు లాగుతాయి. చెమటపట్టే చేతికి రబ్బరు పట్టు మొదట్లో హాయిగా ఉంటుంది గానీ, మన ఎండకూ తేమకూ ఏళ్లు గడిచేసరికి అది జిగురుగా మారుతుంది. గళ్లు చెక్కిన లోహపు పట్టుకు ఆ బాధ లేదు.

ఖర్చు ఎక్కడ పోతుంది

ఒక లెడ్డు పొడవు మామూలుగా 60 మిల్లీమీటర్లు. క్లచ్ దవడలకూ ముక్కు చివరకూ మధ్య ఉండిపోయే ముక్కను దవడలు పట్టుకోలేవు కనుక చివరి 10, 12 మిల్లీమీటర్లు చాలా పెన్సిళ్లలో పనికిరావు. పన్నెండు లెడ్ల డబ్బా కొంటే రెండు లెడ్లకు సరిపడా పొడవు చెత్తబుట్టకే. పిల్లలు విరగ్గొట్టేది దీనికి అదనం. పెన్సిల్ పది రూపాయలకు దొరికిందని సంతోషించినా ఏడాది పొడవునా జేబులోంచి పోయేది లెడ్డు డబ్బాలకే. కాబట్టి డబ్బు కాస్త ఎక్కువ పెట్టదలిస్తే పెన్సిల్ కన్నా లెడ్డు మీద పెట్టడం లాభం. మందం సమంగా లేని నాసిరకం లెడ్డు మంచి పెన్సిల్‌లో కూడా ఇరుక్కుంటుంది.

ఇరుక్కున్నప్పుడు ముందునుంచి మరో లెడ్డుతో పొడవడం అందరూ చేసే పని, అదీ విరిగి చిక్కు రెట్టింపవుతుంది. ముక్కు మర తిప్పి ఊడదీసి, పూలు గుచ్చే సన్నటి తీగతోనో సన్న సూదితోనో వెనకనుంచి నెట్టాలి. పెన్సిల్ లోపల రెండు మూడు లెడ్లకు మించి కుక్కకపోవడం కూడా మంచిది. కింద పడినప్పుడు అవి ఒకదానికొకటి తగిలి ముక్కలవుతాయి, ఆ ముక్కలే తర్వాత క్లచ్‌లో చేరతాయి.

షాపు దగ్గరే చూసుకోగలిగినవి

కౌంటరు దగ్గర నిలబడి పదిసార్లు నొక్కితే అయిదారు మిల్లీమీటర్ల లెడ్డు రావాలి. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తుంటే క్లచ్ సరిగా లేదు. తర్వాత బొత్తాం నొక్కి పట్టుకుని పెన్సిల్‌ను ముక్కు కిందికి ఉంచి మెల్లగా తట్టాలి, లెడ్డు జారిపడకూడదు. ముక్కును వేలితో అటూ ఇటూ కదిపితే లొడలొడలాడకూడదు. వెనక మూత కింద రబ్బరు ముక్క ఉందో లేదో పెద్ద విషయం కాదు, అది నెల తిరక్కుండా అరిగిపోతుంది, వేరే రబ్బరు ఎలాగూ కావాలి. చివరగా, షాపువాళ్లిచ్చే నునుపు కాగితం మీద కాక, సంచిలోని పిల్లవాడి నోటుబుక్కు తీసి అందులో ఒక 'థ', ఒక 'క్ష్మి', నాలుగు ఒడియా అక్షరాలు వాడి చేతనే రాయించి చూడాలి. చుక్క చుక్కలా, మెలిక మెలికలా కనబడితే ఆ మందం వాడికి సరిపోయినట్టు.